మూర్ మార్కెట్ చరిత్ర చెప్పే పలక పెట్టించండి

చెన్నై మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

సెంట్రల్‌లో లోకల్ రైలెక్కే ఎంతమందికి తెలుసండీ, అక్కడ మూర్ మార్కెట్ ఉండేదని? కూవం నదికి దగ్గర్లోనే, ఎర్రటి కట్టడం. కార్పొరేషన్ అధ్యక్షుడు జార్జ్ మూర్ 1898లో శంకుస్థాపన చేస్తే 1900లో తెరిచారు.

మా తెలుగిళ్లలో పాత పుస్తకాలు చాలావరకు అక్కడివే. అట్టలూడిన నిఘంటువులు, వారపత్రికల బైండ్లు, మొదటి పేజీలో ఎవరిదో సంతకం. గీచిగీచి బేరమాడి సంచీ నింపుకునేవాళ్లం.

1985 మే 30న అగ్గిపాలైంది. దుకాణాలు అల్లికుళం కాంప్లెక్సుకు మారాయి, ఆ స్థలంలో లోకల్ రైళ్ల స్టేషన్ వచ్చింది.

రైల్వేవారితో మాట్లాడి, జనం నడిచే దారిలోనే తమిళం, తెలుగు, ఇంగ్లీషుల్లో ఈ చరిత్ర రాయించండి. కట్టించింది మీ కార్పొరేషనే కదా, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక పాఠకుడు