కాలనీ సంఘం వార్షిక నివేదిక: పిల్లలు, దత్తత, కస్టడీ

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధి దీపాలు, వినాయక చవితి లెక్కలు కోశాధికారి విడిగా ఇస్తున్నారు. ఈ ఏడాది మన తిరుపతి కాలనీ సంఘానికి ఎక్కువ పని పెట్టినవి పిల్లల వ్యవహారాలే. గొడవ బాగా ముదిరాక కానీ ఎవరూ మన ఆఫీసుకు రావడం లేదని గమనించి, లాయర్లను పిలిపించి న్యాయ సలహా శిబిరాలు పెట్టాం.

ఎక్కువమంది అడిగింది దత్తత గురించి. అక్క కూతుర్ని చెల్లెలు పెంచుకోవడం మన వైపు కొత్తేమీ కాదు. స్టాంపు పేపరు మీద రాసుకుని, నోటరీ చేయించి, బీరువాలో పెట్టేస్తారు. పాప పదో తరగతికి వచ్చాక బడి రికార్డులో ఒక తండ్రి పేరు, ఆధార్‌లో ఇంకో పేరు బయటపడి టెన్షన్ మొదలవుతుంది. శిబిరానికి వచ్చిన ఒకావిడ ప్లాస్టిక్ కవరులోంచి అలాంటి కాగితమే తీశారు. మడతల దగ్గర చిరిగిపోయింది. అందులో కన్నతల్లి సంతకమే లేదు!

1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం బిడ్డను ఇవ్వాలంటే తల్లీతండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. మామూలుగా బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. ఇంట్లో కూతురుంటే ఇంకో కూతుర్ని ఈ చట్టం కింద దత్తత తీసుకోవడం కుదరదు. దత్త హోమం చేయకపోయినా ఫరవాలేదు, బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రం నిజంగా జరగాలి. ఇరువైపుల సంతకాలతో పత్రాన్ని రిజిస్టర్ చేయిస్తే దత్తత సక్రమంగానే జరిగిందని కోర్టు భావిస్తుంది. కాదన్నవాళ్లే రుజువు చూపించుకోవాలి.

"ఆసుపత్రిలో తెలిసినావిడ ఉంది, బిడ్డను ఇప్పిస్తుంది" అని ఎవరైనా అంటే దగ్గరికి రానివ్వకండి. పిల్లల్ని కొన్నా అమ్మినా 2015 బాలల న్యాయ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు. బయటి బిడ్డను తెచ్చుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ 'కారా' పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి ఆ దత్తత ఉత్తర్వులు కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు.

ఇక విడిగా ఉంటున్న దంపతుల సంగతి. పెద్దమనుషుల పంచాయితీలో బంగారం, సారె సామాన్లు గ్రాములతో సహా తేలుస్తారు. పిల్లాడు ఆదివారం ఎవరి దగ్గర ఉండాలి, ఫీజు ఎవరు కట్టాలి అన్నది మాత్రం ఎవరూ రాయరు. నా దృష్టిలో ముందు తేల్చాల్సింది అదే. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెప్తోంది. ఐదు దాటగానే తండ్రికి వచ్చేస్తాడనుకోవడం పొరపాటు, కోర్టు చూసేది బిడ్డ మేలు. "భరణం ఇవ్వలేదు కాబట్టి చూపించం", "చూపించలేదు కాబట్టి ఇవ్వం" అనే రెండు వాదనలూ చెల్లవు.

ఒకరింటికి ఒకరు వెళ్లలేని వాళ్లు పిల్లల్ని కలుసుకోవడానికి ఆదివారాలు మన ఆఫీసు గది తెరిచి ఉంచుతున్నాం. అవ్వ వెంట వచ్చే ఒక బాబు గడప దాటకముందే, "నాయనా, సైకిలుకు గాలి పట్టిచ్చినావా?" అని అరుస్తాడు. ఆ తండ్రికీ అవ్వకూ మాటల్లేవు. మొదట్లో అవ్వ టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేది. ఇప్పుడు లోపల కూర్చుని, పిల్లాడు పెరుగన్నం తినలేదని తండ్రికి వినబడేలా గోడతో చెబుతుంది. అది కూడా పురోగతే అని కమిటీ అభిప్రాయం.

ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ నంబరు 15100. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

ఆదివారాలు గదిలో కూర్చోవడానికి ఇంకా మనుషులు కావాలి, ముఖ్యంగా ఆడవాళ్లు. ఒప్పుకున్నవాళ్లు సర్వసభ్య సమావేశానికి ముందే పేర్లు ఇస్తే వంతులు వేసుకుంటాం. గదిలో ఫ్యాను పాడైంది. దాత ఎవరైనా ఉంటే ఎండలు ముదరకముందే చెప్పండి.

— కార్యదర్శి