మున్సిపల్ వెబ్‌సైటును మేమూ వాడుకునేలా చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా మున్సిపాలిటీ వెబ్‌సైటులో ఆస్తిపన్ను కట్టడం, జనన ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టడం, వీధిదీపం వెలగట్లేదని ఫిర్యాదు చెయ్యడం ఇప్పుడు నేను ఎవరి సాయమూ లేకుండా చేసుకుంటున్నాను. నాకు చూపు లేదు. ఈ మార్పు తెచ్చినవాళ్ళు తమ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అయితే వాళ్ళు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తాను. "చాలా థ్యాంక్సండీ" అని ఒక్క ముక్కలో ముగిస్తే వాళ్ళు పడ్డ శ్రమ ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇదే పని తలపెట్టే వేరే ఊరివాళ్ళకూ అందులో పనికొచ్చేది ఏమీ ఉండదు.

నేను కంప్యూటర్ వాడేది స్క్రీన్ రీడర్‌తో. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. నేను వాడేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ అనే అంధ ప్రోగ్రామర్ 2006లో దాన్ని మొదలుపెట్టారు. ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతుంది. మౌస్‌తో నాకు పని లేదు, అంతా కీబోర్డు మీదే. వెబ్‌సైటు కోడ్ సరిగ్గా రాసి ఉంటే నేను చకచకా పని ముగించుకుంటాను. లేకపోతే మొదటి పేజీలోనే ఆగిపోతాను.

పాత సైటులో ఆస్తిపన్ను పేజీ తెరిస్తే నాకు వినబడింది ఇంతే: "ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్." ప్రతి పెట్టె పక్కన ఇంటి నంబరు, వార్డు, యజమాని పేరు అని రాసే ఉండేవట. కానీ ఆ మాటకూ ఆ పెట్టెకూ కోడ్‌లో ఏ సంబంధమూ పెట్టలేదు. కళ్ళతో చూసేవాళ్ళకు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి అర్థమవుతుంది, స్క్రీన్ రీడర్‌కు అర్థం కాదు. ఎలాగో అంచనా వేసి నింపినా, చివర్లో వంకర అక్షరాల బొమ్మ చూసి టైపు చెయ్యమనేది. అక్కడితో సరి. చివరికి పక్కవాళ్ళకు ఫోను ఇచ్చి, కార్డు వివరాలు చదివించి, ఓటీపీ చెప్పాల్సి వచ్చేది. వాళ్ళు మంచివాళ్ళే, ఏ రోజూ విసుక్కోలేదు. కానీ నా పన్ను బాకీ ఎంతో, నా ఖాతాలో ఎంత ఉందో నాకు తెలిస్తే చాలు కదా. సాయం చేసేవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా, మన డబ్బు విషయాలు ఇంకొకరి నోట వినాల్సి రావడం మనసుకు కష్టంగానే ఉంటుంది.

మొదటి కృతజ్ఞత సైటు చూసే ఇంజినీరు గారికి. సైటు వాడలేక ఇబ్బందిపడుతున్న మా బృందం రాసిన ఉత్తరం అందగానే ఆయన "మీరు వాడుతుంటే నేను పక్కన కూర్చుని వినొచ్చా?" అని అడిగారు. వచ్చారు, మధ్యలో మాట్లాడకుండా మొత్తం విన్నారు. తర్వాత తన కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వేసుకుని, మానిటర్ ఆపేసి, తను కట్టిన ఫారమ్‌నే తను నింపడానికి కూర్చున్నారు. జనన ధ్రువపత్రం పేజీలో పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయారు. ఆ తేదీ టైపు చెయ్యడానికి వీల్లేదు, చిన్న క్యాలెండర్ తెరుచుకుంటే అందులో మౌస్‌తో నొక్కాలి. కీబోర్డుకు ఆ క్యాలెండర్ అసలు అందదు. మౌస్ ఉన్నవాళ్ళకైనా 1962లో పుట్టిన వ్యక్తి తేదీ కావాలంటే ఒక్కో నెలా వెనక్కి నొక్కుకుంటూ పోవాల్సిందే. ఆయన ఆ క్యాలెండర్ తీసేసి రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు పెట్టెలు పెట్టారు. మా కోసం చేసిన ఈ మార్పు పెద్దవాళ్ళందరికీ నచ్చింది.

ఆ తర్వాత ఒక్కో పెట్టెకూ లేబుల్ కలిపారు. బొమ్మ చూసి అక్షరాలు కొట్టే తతంగం తీసేసి ఫోనుకు ఓటీపీ పంపే పద్ధతి పెట్టారు, దాన్ని కాపీ చేసి పేస్ట్ చేసుకోవచ్చు కూడా. గడువు అయిపోయి పేజీ బయటికి తోసేసే ముందు "ఇంకాస్త సమయం కావాలా?" అని అడుగుతుంది. తప్పు నింపితే ఇదివరకు పెట్టె చుట్టూ ఎర్ర గీత వచ్చేదట, అంతే. ఇప్పుడు పేజీ పైన "ఇంటి నంబరు రాయలేదు" అని మాటల్లో వస్తుంది, కర్సర్ అక్కడికే వెళుతుంది. రంగులు పోల్చుకోలేని మిత్రుడొకరు "నాకూ ఆ ఎర్ర గీత ఏనాడూ తెలియలేదు" అన్నారు.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. పని మొదలైన కొత్తలో ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, ఒక్క లైను కోడ్ అతికిస్తే చాలు, సైటు మూలన చక్రాల కుర్చీ గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే వికలాంగులందరికీ సైటు సిద్ధమైపోతుంది అని చెప్పారట. ధర కూడా అనుకూలంగానే ఉందట. ఆఫీసు వాళ్ళు ఒప్పేసుకోకుండా ముందు మమ్మల్ని అడిగారు. గోడలో పైపు పగిలితే పైన సున్నం వేసినంత మాత్రాన కారడం ఆగదని చెప్పాం. అక్షరాలు పెద్దవి చెయ్యడం, రంగులు మార్చడం లాంటివి బ్రౌజర్‌లోనే ఉన్నాయి. లేబుల్ లేని పెట్టెలో ఏం రాయాలో పైనుంచి అతికించిన కోడ్ నమ్మకంగా చెప్పలేదు. పైగా మేం వాడే స్క్రీన్ రీడర్ పనికి చాలాసార్లు అడ్డొస్తుంది. వాళ్ళు మా మాట విని, కష్టమైనా అసలు కోడ్‌నే సరిచెయ్యడానికి పూనుకున్నారు. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే.

ఇక అందరికంటే ఎక్కువ రుణపడి ఉన్నది ప్రకటనల సెక్షన్‌లో పనిచేసే మేడమ్ గారికి. ఇంజినీరు చేసిన పని ఒకసారి చేస్తే నిలుస్తుంది. ఆవిడ పని రోజూ ఉంటుంది, ఒక్కరోజు వదిలేసినా సైటు మళ్ళీ మొదటికొస్తుంది.

ఇదివరకు ప్రకటన అంటే, కాగితం మీద సంతకం, ముద్ర పడ్డాక దాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టేవాళ్ళు. స్కాన్ అంటే ఫొటోయే. అందులో అక్షరాలున్నాయన్న సంగతి స్క్రీన్ రీడర్‌కు తెలియదు, "ఖాళీ పేజీ" అనేసి ఊరుకుంటుంది. కొన్ని పీడీఎఫ్‌లు స్కాన్ కాకపోయినా యూనికోడ్ (ఏ భాష అక్షరాన్నైనా అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే పద్ధతి) రాకముందు నాటి పాత ఫాంట్లలో టైపు చేసినవి. కళ్ళకు చక్కని తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. చదివిస్తే వినిపించేది ఏ భాషా కాదు. సంతకం, ముద్ర కనబడకపోతే ప్రకటన చెల్లదన్నది ఆఫీసు భయం. అది అర్థం చేసుకోదగ్గదే. మేడమ్ గారు దానికి మార్గం కనిపెట్టారు. ప్రకటన పాఠం మొత్తం యూనికోడ్ తెలుగులో వెబ్ పేజీగా పెడతారు, సంతకం ఉన్న స్కాన్‌ను కింద లింకుగా ఇస్తారు. టైపు చేసే పని కూడా వేరే ఉండదు, ఎలాగూ ఆ కాగితం కంప్యూటర్లో తయారైందే కదా!

నీళ్ళ సరఫరా వేళల పట్టిక సంగతి చూడండి. అది కూడా మొన్నటిదాకా ఫొటోయే. ఇప్పుడు నిజమైన పట్టిక, ప్రతి అడ్డు వరుసకూ ప్రతి నిలువు వరుసకూ శీర్షిక ఉంది. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం కీ నొక్కుతూ పోతే "వార్డు 12, బుధవారం, ఉదయం 6 నుంచి 7" అని వినబడుతుంది. గడి మారితే ఏ వార్డో ఏ వారమో కూడా చెబుతుంది. స్క్రీన్ రీడర్‌లో పేజీలోని లింకుల జాబితా తెరిస్తే ఒకప్పుడు "ఇక్కడ క్లిక్ చేయండి" అన్నది తప్ప ఏమీ వినబడేది కాదు. ఇప్పుడు "నీటి కనెక్షన్ దరఖాస్తు", "దోమల మందు చల్లే తేదీలు" అని వినబడుతున్నాయి. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో రాశారు కాబట్టి గొంతు కూడా దానంతటదే తెలుగులోకి మారుతుంది. అంతకుముందు ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాల దగ్గర తడబడేది, లేదంటే దాటేసేది.

మాతో పాటు సైటును పరీక్షించిన మిత్రులకు కూడా నా నమస్కారాలు. యాక్సెసిబిలిటీ, అంటే వికలాంగులు కూడా వాడుకునేలా ఉండటం, అనగానే అందరికీ అంధులే గుర్తొస్తారు. మిగతావాళ్ళు రాకపోయి ఉంటే సగం ఇబ్బందులు నాకే తెలిసేవి కావు. చేతులు వణికే పెద్దాయన ఒకరు మౌస్ పట్టలేరు, ట్యాబ్ కీ నొక్కుతూ పోతారు. పాత సైటులో ఇప్పుడు ఎక్కడ ఉన్నామో చూపించే గీతను అందం కోసం తీసేశారట, దాంతో ఆయనకు దారి తప్పినట్టుండేది. ఆ గీత మళ్ళీ వచ్చింది. బటన్లు పెద్దవయ్యాయి. కొద్దిపాటి చూపున్న చెల్లెలొకరు బూడిద రంగు అక్షరాలు మార్చాలని గట్టిగా పట్టుబట్టింది. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలకు రంగుల తేడా 21కి 1 ఉంటుంది, మామూలు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలన్నది ప్రమాణం, మన సైటులో మెనూ అంతా దానికి కిందే ఉందని కొలిచి చూపించింది. పేజీ పైన ఎడతెగకుండా పరుగెత్తే వార్తల పట్టీ తీయించింది కూడా ఆమే. 5 సెకన్లు దాటి కదిలే ఏ వాక్యానికైనా ఆపుకునే వీలు ఇవ్వాలని ప్రమాణంలోనే ఉంది.

వినికిడి లేని అక్కొకరు కౌన్సిల్ సమావేశాల వీడియోల గురించి అడిగారు. కంప్యూటర్ దానంతటది రాసే క్యాప్షన్లు ఉన్నాయి కదా అన్నారు ఆఫీసులో. ఆవిడ ఒక వీడియో ఆపి, నిధుల అంకె దగ్గర క్యాప్షన్‌లో ఏముందో, కౌన్సిల్ కాగితంలో ఏముందో రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. అంకె మారిపోయి ఉంది. అప్పటి నుంచి కొందరు విద్యార్థులు ప్రతి సమావేశం క్యాప్షన్లనూ కూర్చుని సరిదిద్దుతున్నారు. మీకు ప్రత్యేకంగా ధన్యవాదాలు, బాబూ. పేర్లు, అంకెలు, వీధులు సరిగ్గా ఉన్నాయో లేదో పట్టించుకునే మీ ఓపిక వల్లే ఆవిడకు ఊరి బడ్జెట్ తెలుస్తోంది.

"దీన్ని ఎంతమంది వాడతారండీ?" అని సమావేశాల్లో చాలాసార్లు వినబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారు. ఇది దయాధర్మం వ్యవహారం కూడా కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 9వ అధికరణంలో సమాచారం, ఇంటర్నెట్ అందుబాటు గురించి స్పష్టంగా రాసి ఉంది. ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మా తరఫున జవాబు చెప్పిన అధికారి గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆయన మాటలతో ఆగలేదు. వెబ్‌సైటు కాంట్రాక్టులోనే డబ్ల్యూసీఏజీ 2.2, ఏఏ స్థాయి పాటించాలని షరతు రాయించారు. వెబ్‌సైట్లు వికలాంగులూ వాడుకునేలా ఎలా ఉండాలో చెబుతూ, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ 2023లో విడుదల చేసిన నియమావళి అది; ఏఏ అంటే అందులోని మూడు స్థాయిల్లో మధ్యది. 2008 నాటి 2.0, 2018 నాటి 2.1 తర్వాత వచ్చింది. ఇంకో షరతు కూడా పెట్టించారు. కొత్త పేజీ ఏదైనా సరే, వికలాంగులు స్వయంగా వాడి చూసి సరే అన్నాకే బిల్లు పాసవుతుంది. అలా పరీక్షించినవాళ్ళకు వాళ్ళ సమయానికి డబ్బు కూడా ఇస్తున్నారు. మమ్మల్ని పిలిచి, ఫొటో దిగి పంపించెయ్యకుండా మా పనిని పనిగా చూసినందుకు చాలా సంతోషంగా ఉంది.

అంతా అయిపోలేదు. డబ్బు కట్టే పేజీ వేరే సంస్థది, అక్కడ బ్యాంకు ఎంచుకునే జాబితా ఇంకా ఇబ్బంది పెడుతోంది. పాత స్కాన్‌లు గుట్టలుగా ఉన్నాయి. వాటిలో జనం ఎక్కువగా తెరిచేవాటిని ముందు మార్చుతున్నారు, అది సరైన పద్ధతే. వార్డు మ్యాపు నాకు ఇప్పటికీ అందదు. దానికి బదులుగా వీధుల పేర్ల జాబితా ఇస్తామన్నారు.

మీకు ఎక్కడైనా ఇబ్బంది ఎదురైతే "సైటు పనిచెయ్యట్లేదు" అని మాత్రం రాయకండి. ఏ పేజీ, ఏ బ్రౌజర్, స్క్రీన్ రీడర్ వాడితే దాని పేరు, ఏ కీ నొక్కారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఇవి రాస్తే ఇంజినీరు గారికి వెతుకులాట తప్పుతుంది. సైటు అడుగున 'యాక్సెసిబిలిటీ' అనే పేజీలో ఫోన్ నంబరు, ఈమెయిలు రెండూ ఇచ్చారు. ఫోన్‌లో మాట్లాడలేనివాళ్ళు ఈమెయిలు, టైపు చెయ్యలేనివాళ్ళు ఫోను వాడొచ్చు. తర్వాతి విడతలో ఫిర్యాదుల మొబైల్ యాప్‌ను పరీక్షిస్తారు. మొన్నటి బృందంలో గొంతుతో ఫోను నడిపేవాళ్ళు, చదివింది అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టేవాళ్ళు ఎవరూ లేరు. మీలో ఎవరైనా ఉంటే, ఇంట్లో ఎవరైనా ఉంటే, దయచేసి ఆ పేజీలో పేరు ఇవ్వండి.