సందేశం గడిలో సున్నా

సంపాదకుడికి,
అయ్యా,

నాటిక పోటీల సీజను మొదలవబోతోంది. పోటీలు నడిపే పరిషత్తులవాళ్లు నియమావళి అచ్చుకి ఇచ్చేలోపే ఒక మాట వాళ్ల చెవిన పడాలని ఈ ఉత్తరం. న్యాయనిర్ణేతల మార్కుల కాగితంలో ‘సందేశం’ అనే గడి తీసేయండి. అది కుదరదంటే పోటీతో సంబంధం లేని ప్రదర్శనలకు ఒక్క రాత్రి వదలండి.

కిందటేడు మేం ఐదుగురం కలిసి ఐరిష్ రచయిత సామ్యూల్ బెకెట్ ‘వెయిటింగ్ ఫర్ గోడో’ని తెలుగు చేసుకుని, గంటకి కుదించి ఒక పరిషత్తులో ఆడాం. ఒక చెట్టు దగ్గర ఇద్దరు మనుషులు గోడో అనే ఆయన కోసం ఎదురుచూస్తుంటారు, ఆయన రాడు, అంతే కథ. (కుదించడం తప్పే. బెకెట్ ఉండుంటే ఒప్పుకునేవాడు కాదు. ఏం చేస్తాం, గంట దాటితే మార్కులు కోస్తారు.) సెట్టింగు ఖర్చు లేదు. నూనె డబ్బాలో ఇసుక పోసి ఎండిన రేగు కొమ్మ ఒకటి నిలబెట్టాం, అదే చెట్టు. రెండో అంకానికి చెట్టుకి నాలుగైదు ఆకులు రావాలి కాబట్టి చీకట్లో మా కుర్రాడు నల్లదారంతో ఆకులు కట్టాడు. ఒకటి ఊడి నా బూటు మీద పడింది. జనం నవ్వారు. నవ్వాల్సిన నాటకమే లెండి.

నాటిక అయ్యాక ఒక న్యాయనిర్ణేత పిలిచి, “బాగా చేశారు గానీ ప్రేక్షకుడు ఇంటికి ఏం పట్టుకెళ్లాలి? చివర్లో ఒక పాత్ర చేత నాలుగు మంచి మాటలు చెప్పించాల్సింది” అన్నారు. సందేశం గడిలో సున్నా పడింది. బయటికొచ్చి టీ తాగుతుంటే, గుమ్మం దగ్గర నిలబడి చూసిన టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ అడిగాడు: “ఆ పిల్లాడు రేపొచ్చినా ఇదే మాట చెప్తాడు కదండీ?” గోడోగారు ఇవాళ రారు, రేపు తప్పకుండా వస్తారు అని కబురు తెచ్చే పిల్లాడి గురించి. నాటకం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

1953 జనవరిలో పారిస్‌లోని ఒక చిన్న థియేటర్లో ఈ నాటకం మొదటిసారి ఆడింది. యుద్ధకాలంలో బెకెట్ నాజీలకి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి, పట్టుబడే టైముకి తప్పించుకుని దక్షిణ ఫ్రాన్సులో ఒక పల్లెలో తలదాచుకున్నాడు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని రోజుల్ని గడపడం ఆయన పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. గోడో ఎవరని అడిగితే, తెలిస్తే నాటకంలోనే చెప్పేవాణ్ణి అన్నాడు. 1956లో అమెరికాలోని మయామిలో దీన్ని పెద్ద నవ్వుల నాటకమని ప్రకటించి ఆడితే, సెలవులకొచ్చిన జనం సగంలోనే లేచిపోయారు. మరుసటి ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో ఆడారు. ఆడపాత్రలు లేవు కాబట్టి ఇదైతే ఫరవాలేదని ఎంచుకున్నారట. దాదాపు 1,400 మంది ఖైదీలు కదలకుండా చూశారు. గోడో అంటే బయటి లోకం అన్నాడు ఒక ఖైదీ. రిక్ క్లూచీ అనే జీవిత ఖైదీకి చూసే అనుమతి లేక, తన సెల్లోనే కూర్చుని లౌడ్‌స్పీకర్లో విన్నాడు. తర్వాత జైల్లోనే నాటక బృందం నడిపాడు. విడుదలయ్యాక బెకెట్ దర్శకత్వంలోనే నటించాడు. వాళ్లకి ఎవరూ సందేశం విడమరిచి చెప్పలేదు.

సందేశం ఉన్న నాటకాలు వద్దని నా ఉద్దేశం కాదు. వరకట్నం మీద, రైతు మీద ఏడిపించే నాటికలు నేనూ వేశాను, కప్పులూ తెచ్చుకున్నాను. కానీ ‘కన్యాశుల్కం’ సంగతే చూడండి. సంస్కరణ కోసమే రాశానని గురజాడ ముందుమాటలో చెప్పుకున్నారు. తెర పడేటప్పుడు మాత్రం నీతిబోధ లేదు, కథ అడ్డంగా తిరిగిందంటూ గిరీశం పోవడమే ఉంది. ఇవాళ పోటీకి పంపితే ఆ ముగింపుకి ఎన్ని మార్కులు పడతాయో!

అసలు ‘గోడో’లాంటి నాటకాల్ని ఇంగ్లీషులో ‘థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్’ అంటారు, దానికి ‘అసంబద్ధ నాటకం’ అన్న మన అనువాదమే కొంప ముంచింది. అర్థంపర్థం లేనిదని పేరులోనే ముద్ర వేసేశాం. బతుక్కి అర్థం లేదని ఆ నాటకాలు తీర్పు చెప్పవు. అర్థం కోసం చూస్తూ చూస్తూ మనిషి టోపీ తీసి దులుపుకుంటాడు, క్యారెట్ తింటాడు, పోదాం పద అంటాడు, పోడు. మన బస్టాండులో గంటసేపు కూర్చుంటే ఇవన్నీ కనబడతాయి.

ఈసారి బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ ‘ఏవం ఇంద్రజిత్’ వేద్దామని రిహార్సల్స్ మొదలుపెట్టాం. పరిషత్తు దరఖాస్తులో ‘నాటిక ఇచ్చే సందేశం, రెండు వాక్యాల్లో’ అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు తీసుకుంటారో లేదో నిర్వాహకులు మీ పత్రిక ద్వారానైనా చెబితే ప్రవేశ రుసుము కడతాం.

ఇట్లు,
ఒక రంగస్థల నటుడు, తెనాలి