సాసేజ్‌లు సరిగ్గా కాల్చడం నేర్పిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఎయిర్ ఫ్రయర్‌లో సాసేజ్‌లు పైన ఎర్రగా కాలిపోతున్నాయి, కోసి చూస్తే నడిమధ్య ఇంకా పచ్చిగా ఉంటోంది, కొన్నయితే పొట్ట పగిలి కొవ్వంతా కారిపోతోంది, పైగా పొగ, ఏం చేయాలి అని అడిగాను. "ఇన్ని డిగ్రీలు, ఇన్ని నిమిషాలు" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేసినా సంతోషించేదాన్నే. మీరు అలా వదల్లేదు. ముందు నన్నే తిరిగి అడిగారు: పచ్చి సాసేజా, ముందే ఉడికించి ప్యాక్ చేసిందా? ఎంత లావు? ఏ మాంసం? ఫ్రిజ్‌లోంచి తీసిందా, ఫ్రీజర్‌లోంచా? ఆ ప్రశ్నలతోనే సగం చిక్కు విడిపోయింది. ఇప్పుడు సాసేజ్‌లు నేను కోరుకున్నట్టే వస్తున్నాయి, అందుకే ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో చెప్పి మరీ కృతజ్ఞతలు చెప్పుకోవాలనిపించింది.

మొదట, "పచ్చిదా, ఉడికిందా" అని అడిగిన అక్కకి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా చేయాల్సిన పని వేరని మీరు విడమరిచి చెప్పారు. ఫ్రాంక్‌ఫర్టర్ లాంటివి తయారీలోనే ఉడికి వస్తాయి, వాటిని వేడెక్కించి కాస్త రంగు తెప్పిస్తే సరిపోతుంది. 180 డిగ్రీల సెల్సియస్‌లో 6 నుంచి 8 నిమిషాలు. పచ్చి మాంసం కూరినవి మాత్రం మొదటినుంచి చివరిదాకా మన దగ్గరే ఉడకాలి: లావుపాటివి అదే 180లో 12 నుంచి 15 నిమిషాలు, సన్నవి 8 నుంచి 10. మధ్యలో ఒకసారి తిప్పాలి. ఏది కొన్నామో తెలియాలంటే ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవాలన్నారు, ఇప్పుడు చదవనిదే ప్యాకెట్ విప్పడం లేదు. ముందే ఉడికినవైనా సరే గర్భిణులు, పెద్ద వయసువాళ్లు మాత్రం పొగలు కక్కేలా, లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేసుకునే తినాలని, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుందని మీరు చేర్చిన ఆ రెండు వాక్యాలు నాకు చాలా విలువైనవి. మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు.

తర్వాత, థర్మామీటర్ కొనుక్కోమని పట్టుబట్టిన అన్నయ్యకి. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువ రుణపడింది మీకే. నిమిషాలు ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా ఉంటాయి, సాసేజ్ లావు మారితే మారతాయి, బుట్టలో ఎన్ని వేశామన్నదాన్ని బట్టీ మారతాయి, మారనిది లోపలి వేడి ఒక్కటేనని మీరు అన్నారు. పంది, గొడ్డు, గొర్రె మాంసం సాసేజ్‌కి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క 71 డిగ్రీలు, కోడి, టర్కీ అయితే 74. బ్రిటన్ ఆహార భద్రతా సంస్థ 70 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు ఉండాలంటుంది. ముక్క మాంసానికి లేని ఈ పట్టింపు సాసేజ్‌కి ఎందుకో కూడా చెప్పారు: ముక్క మీద బ్యాక్టీరియా ఎక్కువగా పైభాగానే ఉంటుంది, కైమా కొట్టినప్పుడు ఆ పైభాగం కాస్తా లోపలికంతా కలిసిపోతుంది. కాబట్టి నడిమధ్య కూడా ఉడకాల్సిందే.

థర్మామీటర్ ముల్లు ఎలా గుచ్చాలో మీరు చెప్పిన పద్ధతి ఇక్కడ మళ్లీ రాస్తాను, కొత్తగా చూసేవాళ్లకి పనికొస్తుంది. పక్కనుంచి కాదు, చివరనుంచి. సాసేజ్‌ని పట్టకారుతో పట్టుకుని, కొసనుంచి పొడవునా మెల్లగా తోస్తే మొన నడిమధ్యకి చేరుతుంది. పక్కనుంచి గుచ్చితే సన్నటి సాసేజ్‌లో మొన అవతలి పొర దగ్గరికి వెళ్లిపోయి అక్కడి వేడి చూపిస్తుంది. మీ మాట ప్రకారం గుచ్చి చూశాను. పైన చూస్తే బంగారు రంగు, నూనె మెరుపు, ఎవరైనా అయిపోయిందనే అంటారు. అంకె మాత్రం 58 దగ్గర ఉంది. మళ్లీ లోపల పెట్టి కాసేపాగి చూస్తే 72. పైరంగులో తేడా ఏమీ లేదు. నా సందేహాలన్నిటికీ జవాబు ఆ రెండు అంకెల మధ్యే దొరికింది. ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ముంచితే సున్నా చూపించాలి, లేకపోతే థర్మామీటర్‌ని నమ్మొద్దు అని చెప్పినందుకు ఇంకో నమస్కారం.

లోపల గులాబీ రంగు కనిపిస్తే పచ్చిదేనా అని అడిగినప్పుడు ఓపిగ్గా జవాబిచ్చిన వారికి కూడా. మాంసం నిలవ ఉండటానికి వాడే నైట్రైట్ అనే లవణం కలిపి తయారుచేసిన సాసేజ్ ఎంత ఉడికినా గులాబీగానే ఉంటుందని, అది కలపని కైమా అయితే సరిపడా ఉడక్కముందే గోధుమరంగుకి తిరగొచ్చని మీరు చెప్పాక రంగు చూసి తేల్చుకునే అలవాటే పోయింది.

పొట్ట పగలడం సంగతికి వస్తాను. మాంసం పనిలో ఏళ్ల అనుభవమున్న పెద్దాయన ఒకరు చాలా పెద్ద జవాబు రాశారు. బాబాయ్‌గారూ, మీరు అంత సమయం పెట్టి రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. సాసేజ్ పైన ఉండే తొడుగుని కేసింగ్ అంటారు; అది పేగుతో చేసిన సహజమైన కేసింగ్ అయినా, పశువుల చర్మంలోని కొల్లాజెన్‌తో చేసిన కేసింగ్ అయినా, వేడి 60 డిగ్రీలు దాటుతుంటే ముడుచుకుంటుంది. అదే సమయంలో లోపలి నీరు వేడెక్కి, ఆవిరై బయటికి తోస్తుంది. మొదటే 200 పెడితే పైపొర ఎండిపోయి సాగే గుణం పోగొట్టుకుంటుంది, లోపలి ఒత్తిడి పెరిగేసరికి ఎక్కడ పలచగా ఉంటే అక్కడ చిట్లుతుంది. అందుకని లావుపాటి పచ్చి సాసేజ్‌ని ముందు 160, 170 మధ్య నిదానంగా ఉడకనిచ్చి, లోపల 65 దాటాక 200కి పెంచి చివరి రెండు మూడు నిమిషాల్లో రంగు తెప్పించమన్నారు. అప్పటినుంచీ నేను చేస్తున్నది ఇదే, పగలడం దాదాపు ఆగిపోయింది.

ఫోర్కుతో పొడిస్తే పగలదు కదా అని ఇంకొకరు అడిగితే, దానికీ మీరే జవాబిచ్చారు. పొడిచిన ప్రతి చిల్లూ కొవ్వుకి, రసానికి దారి. ఉప్పు వేసి బాగా పిసికినప్పుడు మాంసంలోని మయోసిన్ అనే ప్రొటీన్ జిగురులా బయటికి వచ్చి నీటినీ కొవ్వునీ పట్టి ఉంచుతుంది, సాసేజ్ కొరికితే రసం ఊరేది దానివల్లే. చిల్లు పెట్టి ఆ రసాన్ని వదిలేస్తే మిగిలేది పొడిపొడిగా ఉండే కైమా. ఈ వివరణ చదివాక సాసేజ్ తయారుచేసేవాళ్ల మీద గౌరవం పెరిగింది.

ఇక పొగ. ఎయిర్ ఫ్రయర్‌లో వేడి తీగ పైన ఉంటుంది, దాని దగ్గరున్న ఫ్యాను ఆ గాలిని జోరుగా బుట్టచుట్టూ తిప్పుతుంది. పేరులో ఫ్రై ఉన్నా నిజానికి ఇది చిన్న కన్వెక్షన్ ఓవెనే. ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఈ పేరుతో తెచ్చాక ఇళ్లల్లోకి వచ్చింది, పని సూత్రం మాత్రం అంతకుముందునుంచీ ఉన్నదే. కొవ్వు చుక్కలు బుట్ట చిల్లుల్లోంచి అడుగు డ్రాయర్‌లో పడి మాడితే పొగ వస్తుంది. బుట్ట కింద డ్రాయర్‌లో రెండు చెంచాల నీళ్లు పోయమని చెప్పిన అక్కయ్యకి, ముందు మీ మెషీన్ పుస్తకంలో అందుకు ఒప్పుకుంటారో లేదో చూసుకోమని వెంటనే జాగ్రత్త చెప్పిన తమ్ముడికి, ఇద్దరికీ థ్యాంక్స్. నా మెషీన్‌కి ఇబ్బంది లేదు. పొగ పోయింది, కడగడమూ తేలికైంది. ఒక విడత అయ్యాక రెండో విడత పెట్టేముందు డ్రాయర్‌లో చేరిన కొవ్వు తీసేయాలన్న మాట కూడా గుర్తు పెట్టుకున్నాను. ఆ కొవ్వు సింకులో పోయకుండా చల్లారాక కాగితంతో తుడిచి పడేస్తున్నాను.

రంగు బాగా రావాలంటే సాసేజ్‌ని పేపర్ టవల్‌తో అద్దమని ఒకరు రాశారు. చిన్న మాటే, పనిచేసింది మాత్రం చాలా. పైన తడి ఉన్నంతసేపూ ఆ పొర 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎరుపూ కమ్మటి వాసనా ఇచ్చే మేలార్డ్ చర్య ఊపందుకోవడానికి 140 దాకా కావాలి. 1912లో ఈ చర్యను వివరించిన ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పేరే దానికి పెట్టారని కూడా అదే జవాబులో తెలిసింది. నూనె రాయాల్సిన పని లేదు, సాసేజ్‌లో ఉన్న కొవ్వే చాలు. కోడి మాంసంవి మరీ పొడిగా ఉంటే బ్రష్‌తో ఒక పూత చాలన్నారు, లెసితిన్ అనే పదార్థం కలిసిన నూనె స్ప్రే డబ్బాలు నాన్‌స్టిక్ పూతని పాడుచేస్తాయట.

ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పేర్చమన్నవాళ్లకి, కాగితం పరిచి ఖాళీ బుట్టని వేడెక్కించొద్దు, ఎగిరి తీగకి అంటుకుంటుంది అన్నవాళ్లకి, పచ్చివి పట్టిన పట్టకారుతోనే ఉడికినవి తీయొద్దన్నవాళ్లకి, ఓవెన్‌కి చెప్పిన వేడిలోంచి 15, 20 డిగ్రీలు తగ్గించుకోమన్నవాళ్లకి, తీసిన వెంటనే కోయకుండా 3 నిమిషాలు ఆగమన్నవాళ్లకి కూడా నా కృతజ్ఞతలు. పేరుపేరునా చెప్పలేకపోతున్నా మీ మాటలన్నీ ఒక కాగితం మీద రాసి వంటింట్లో అంటించుకున్నాను.

ఒకమ్మాయి రాసిన మాట మాత్రం విడిగా చెప్పాలి. ఇంట్లో నాలుగేళ్లలోపు పిల్లలుంటే సాసేజ్‌ని గుండ్రటి బిళ్లలుగా కోసి పెట్టొద్దంది. ఆ ఆకారం సరిగ్గా పసిపిల్లల గొంతుకి అడ్డుపడేంత ఉంటుందని, అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2010లో ఇదే విషయమై గట్టిగా హెచ్చరించిందని, ముందు నిలువునా నాలుగు చీలికలు చేసి ఆ తర్వాతే చిన్నగా తరగాలని చెప్పింది. అమ్మా, నేను అడిగింది కాల్చడం గురించి. నువ్వు తినేవాళ్ల గురించి ఆలోచించావు. నువ్వు చల్లగా ఉండాలి.

అలాగే, సాసేజ్ రోజూ తినేది కాదని నొప్పించకుండా గుర్తుచేసినవారికి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చిందని, రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని మీరు చెప్పింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అప్పుడప్పుడు తినే వంటగానే ఉంచుకుంటున్నాం. తినేదేదో చక్కగా కాల్చుకుని తింటున్నాం.

ఇంకొక్క సాయం. బుట్ట బదులు రెండు మూడు ట్రేలు ఉండే పెద్ద రకం ఎయిర్ ఫ్రయర్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే, సాసేజ్‌లు పై ట్రేలో పెడుతున్నారా, మధ్య ట్రేలోనా, ట్రేలు మధ్యలో మారుస్తున్నారా చెప్పండి. మా వదిన దగ్గర అదే ఉంది, ఆవిడ కోసం అడుగుతున్నాను.