దిబ్బ మీది దారి ఎందుకు మూశామో మా అతిథులకు వివరణ

ఏటా మా బసకు వచ్చే అతిథులకు నమస్కారం. గదుల వెనుక నుంచి ఇసుక దిబ్బ మీదుగా నేరుగా సముద్రానికి దిగే దారిని ఈ సీజను మొత్తానికి మూసివేశాము. ఇకపై ఉత్తరం వైపు నుంచి చుట్టి వెళ్లవలసి ఉంటుంది. ఇది నచ్చక బుకింగు రద్దు చేసుకునేవారికి సొమ్ము పూర్తిగా వాపసు చేస్తాము.

దిబ్బ నిలబడేది దాని మీద పాకే గడ్డి, తీగల వేళ్ల బలంతోనే. నిత్యం ఒకేచోట కాళ్లు పడితే మొక్క చచ్చి, వేరు పట్టు వదిలి, ఆ సందులోంచి గాలి ఇసుకను తవ్వుకుపోతుంది. మన దారి ఇప్పుడు నడుము లోతు గాడిగా మారింది. దాని అంచున గాలిలో వేలాడుతున్న వేళ్లను పట్టుకుంటే ఎండు పుల్లల్లా విరిగిపోయాయి.

ముందువైపు రాతి గోడ కట్టించమని మీలోనే కొందరు సలహా ఇచ్చారు. ఆ విషయంలో ఎటూ తేల్చుకోలేక నాకు చాలాకాలం నిద్ర పట్టలేదు. గోడను కొట్టిన అల వెనక్కి మళ్లుతూ గోడ మొదట్లోని ఇసుకను ఊడ్చుకుపోతుంది. గోడ ముగిసే చోట పక్కవారి తీరం కోతకు గురవుతుంది. మన గదులు మిగిలినా, మీరు ఏ తీరం కోసం వస్తున్నారో అది మిగలదు. నెదర్లాండ్స్‌లో 2011లో హేగ్ నగరం సమీపాన దాదాపు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక పోసి, దాన్ని తీరం పొడవునా పంచే పనిని అలలకూ గాలికీ వదిలారు. మాకంత శక్తి లేకపోయినా, ఇసుకను ఇసుకతోనే కాపాడాలన్న ఆ పద్ధతినే నమ్మి గోడ వద్దనుకున్నాను.

అందుకే గాడిని ఇసుకతో పూడ్చి, పైన కొబ్బరి పీచు చాపలు పరచి, వాటి సందుల్లో గడ్డి నాటాలని నిశ్చయించాము. అచ్చంగా పీచుతో నేసినవే కావాలని సరఫరాదారుకు రాతపూర్వకంగా చెప్పి బయానా ఇచ్చాను. లారీ వచ్చాక ఒక చాప మూల కత్తితో కోసి చూస్తే, పీచు కింద సన్నని ఆకుపచ్చ ప్లాస్టిక్ వల కుట్టి ఉంది. "ఇసుక కింద ఎవరికి కనబడుతుందండీ?" అన్నాడాయన. పీచు కొన్నేళ్లకు కుళ్లిపోతుంది, ఈలోగా వేళ్లు నాటుకుంటాయి. వల కుళ్లదు, గాలికి బయటపడి, గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల కాళ్లకు చుట్టుకుంటుంది. ఇంత చాదస్తం తాను ఎక్కడా చూడలేదని కూడా అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. లోడు మొత్తం వెనక్కి పంపాను. బయానా ఇంతవరకు తిరిగి రాలేదు, అయినా ఆ చాపలు ఈ దిబ్బ మీద పరవనిచ్చేది లేదు. కొత్త చాపలు నేయించే ఏర్పాటు జరిగింది, కానీ నాట్లు వానలతోనే పడాలి కాబట్టి అంతవరకు దారి తెరవలేము.

తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో, పిల్లలు సముద్రం చేరేవరకూ, సముద్రం వైపు దీపాలు ఎప్పటిలాగే ఆర్పి ఉంచుతాము. పిల్లలు వెలుతురు ఉన్న దిక్కుకే పాకుతాయని మీకు తెలిసిందే.

మోకాళ్ల నొప్పులున్నవారు, పెద్దవారు ముందుగా చెబితే చుట్టుదారి చివరి వరకు వాహనంలో దింపుతాము. తాడు దాటి దిబ్బ ఎక్కేవారిని మాత్రం, వారు ఎంత పాత అతిథులైనా, నేనే స్వయంగా వెనక్కి పిలుస్తాను.