హనుమజ్జయంతి లోపు సంజీవని హుండీ నిండాలి: బరంపురం ఆంజనేయస్వామి గుడి కమిటీ విజ్ఞప్తి

భక్తులందరికీ నమస్కారం.

ఒడియావాళ్ల హనుమజ్జయంతి, పణా సంక్రాంతి నాటికే సంజీవని హుండీ నిండుతుందనుకున్నాం. సగం దగ్గరే ఆగిపోయింది. మన తెలుగువాళ్ల హనుమజ్జయంతి, వైశాఖ బహుళ దశమి, దగ్గరకొచ్చేసింది. లెక్కల పుస్తకం గుడి ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ఈ డబ్బు ఎక్మో, అంటే ఊపిరితిత్తులు, గుండె చేసే పనిని ఒంటి బయట చేసే యంత్రం, అవసరమైన పేదవాళ్ల కోసం. న్యుమోనియా ముదిరి ఊపిరితిత్తులు పనిచేయకపోయినా, గుండె కండరం వాచి రక్తం తోయలేకపోయినా, వెంటిలేటరు, మందులు చాలనప్పుడు పెట్టేది అదే. 2020లో గాయకుడు ఎస్పీ బాలుగారికీ అదే పెట్టారు. తొడ దగ్గరి పెద్ద సిరలోకి పెన్సిలంత లావు గొట్టం దింపుతారు. నిమిషానికి నాలుగైదు లీటర్ల నల్లటి రక్తం పంపులోంచి ఆక్సిజనేటర్‌కు వెళుతుంది. అందులో ఉండేవి మన మగ్గాల మీది పట్టు పోగుల్లాంటి సన్నటి పోగులే, కాకపోతే లోపల బోలుగా ఉంటాయి. పోగుల లోపల ఆక్సిజన్, బయట రక్తం. అటు నల్లగా వెళ్లినది ఇటు ఎర్రగా వస్తుంది.

ఊపిరితిత్తులకైతే ఆ రక్తాన్ని మళ్లీ సిరలోకే పంపుతారు. గుండె కూడా దెబ్బతింటే ధమనిలోకి పంపాలి. తొడ ధమనిలో గొట్టం అడ్డుపడి కాలు చల్లబడిపోతుంది కాబట్టి పాదం వైపుకి ఇంకో సన్న గొట్టం వేస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది తక్కువైతే ఆక్సిజనేటర్ పూడుకుపోతుంది, ఎక్కువైతే మెదడులో రక్తం కారవచ్చు. అందుకే మంచం పక్కనుంచి మనిషి కదలడు. కరెంటూ బ్యాటరీ రెండూ పోతే పంపును చేత్తో తిప్పడానికి పిడి ఉంటుంది.

ఎక్మో జబ్బును నయం చేయదు, ఒళ్లు తేరుకునేదాకా గడువిస్తుంది. వెంటిలేటర్ మీద వారం దాటాక పెడితే ఫలితం తగ్గుతుంది. తెల్లారేలోగా స్వామి కొండనే ఎత్తుకొచ్చింది అందుకే కదా! ఇక కోలుకునే దారి లేదని డాక్టర్లు చెప్పినవారికి ఈ సొమ్ము వాడం.

పంపు తల, ఆక్సిజనేటర్, గొట్టాలు కలిసిన సెట్టు ఒకరికి వాడితే ఇంకొకరికి పనికిరాదు, దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. దానికితోడు రోగిని ఇక్కడినుంచి భువనేశ్వర్ చేర్చాలి, సుమారు 170 కిలోమీటర్లు. నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ చొప్పున నాలుగు గంటలకు 3,600 లీటర్లు. దారిలో ట్రాఫిక్ ఆగితే? రెట్టింపు పెట్టుకోవాలి. పెద్ద సిలిండర్‌లో పట్టేది 7,000 లీటర్లే కాబట్టి వాహనంలో రెండు ఉండాల్సిందే.

వంటశాల రేకులు, ధ్వజస్తంభం ఇత్తడి తొడుగు కూడా మిగిలున్నాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

మండపానికి గ్రానైట్ అడిగినప్పుడు పలక మీద పేరు కోసం వరస కట్టారు. మీ తాతలు మగ్గం కూలిలోంచి అణా అణా తీసి ఈ గుడి కట్టారు. ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తకపోతే ఎలా? పలక మీద పేరు చెక్కించలేం, రశీదు మాత్రం ఇస్తాం. వందైనా సరే, దశమి సాయంత్రం హారతి లోపు గుడి ఆఫీసులో ఇవ్వండి.