టచ్ ప్యానెళ్లు, వైఫై పాస్‌వర్డ్, తొమ్మిదో తరగతి గది

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత బడి వైఫై పాస్‌వర్డ్ మార్చాం. "సార్ నెట్ ఆపేశారు" అని కొందరు పిల్లలు ఇంట్లో చెప్పారట. ఆపలేదు. తరగతి గదుల్లోని టచ్ ప్యానెళ్లకు నెట్ వస్తూనే ఉంది, పిల్లల ఫోన్లకే రావడం లేదు.

గోడకున్న ప్యానెల్ చూడడానికి పెద్ద టీవీలా ఉన్నా లోపల నడిచేది ఆండ్రాయిడే. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగ్స్‌లో 'షేర్' నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. చాలావాటిలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ కూడా కనిపిస్తుంది. స్క్రీన్ లాక్ ఉంటే ముందు పిన్ అడుగుతుంది. కానీ తరగతి ప్యానెల్‌కు లాక్ పెట్టాలని ఎవరికి తోస్తుంది? గంట కొట్టి టీచరు అలా బయటికి వెళ్లగానే ఎవరి దగ్గరైనా ఒక్క ఫోను ఉంటే చాలు, సాయంత్రానికి పాస్‌వర్డ్ వీధి చివరి దాకా వెళ్లిపోతుంది. కనిపెట్టిన పిల్లల బుర్రను మెచ్చుకోవాల్సిందే. బడికి ఫోను తేకూడదన్న నియమం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు ప్రతి ప్యానెల్‌కూ పిన్ పెట్టి క్లాస్ టీచరు చేతికిచ్చాం. ప్యానెల్ తనే హాట్‌స్పాట్‌గా మారి నెట్ పంచగలదు, దాన్నీ ఆపేశాం. వైఫైకి తాళంలా పనిచేసే భద్రతా పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 పెడదామనుకున్నాం గానీ, ఆ పద్ధతి వచ్చిందే 2018లో. మన పాత ప్యానెల్ దాన్ని అందుకోలేదు. అందుకని దానికి ముందటి డబ్ల్యూపీఏ2, కొత్త డబ్ల్యూపీఏ3 రెండూ పనిచేసే మోడ్‌లో ఉంచాం. ఇంట్లో పాత రౌటర్ ఉన్నవాళ్లు ఒకసారి చూసుకోండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి ఉంటే వెంటనే మార్చేయండి, దాని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ ఇంకా 'అడ్మిన్' అనే ఉంటే వైఫైకి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ఉపయోగం తక్కువే. నెట్‌వర్క్ పేరు దాచేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. పేరు దాచినా వెతికే యాప్‌లకు అది దొరికిపోతుంది, పైగా టీచర్లకు అదనపు తిప్పలు.

ఇక తొమ్మిదో తరగతి గది సంగతి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరిచే దీక్ష వీడియోలు అక్కడ మధ్యలో ఆగిపోతున్నాయని, పెద్ద ప్లాన్ తీసుకోమని కమిటీలో మాట వచ్చింది. ప్లాన్ ఎంత పెంచినా గోడ పల్చబడదు కదా! ముందు సిగ్నల్ కొలిచాం. ప్యానెల్ సెట్టింగ్స్‌లో 'ఫెయిర్' అని మాత్రమే చూపిస్తుంది, అంకె కావాలంటే వైఫై కొలిచే యాప్ వేసుకోవాలి. ఆ అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 67 దాకా వీడియోకు ఢోకా లేదు, మైనస్ 80 అంటే పేరుకే సిగ్నల్. 3 తగ్గితే బలం సగమైనట్టే లెక్క. ఆ గదిలో మైనస్ 80కి అటూ ఇటూ ఉంది. చూస్తే రౌటర్ ఆఫీసు గదిలో ఇనుప బీరువా వెనక ఉంది! దాన్ని తీసి వరండాలో ఎత్తుగా బిగించాం. రౌటర్ పంపే రెండు రకాల సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువే గానీ గోడలు అంత బాగా దాటలేదు, అందుకని దూరపు గదులు 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉన్నాయి. ఈ 2.4లో సిగ్నల్ నడిచే దారులను చానెళ్లు అంటారు, వాటిలో ఒకదానికొకటి అడ్డురానివి 1, 6, 11 మాత్రమే. చుట్టుపక్కల ఇళ్లన్నీ 6 మీద ఉండడంతో మనం 11కి మారాం. వీడియోలు ఇప్పుడు ఆగడం లేదు. ప్లాన్ పాతదే.

కరెంటు పోయి వచ్చాక కొన్ని ప్యానెళ్లలో తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సిగ్నల్ నిండుగా ఉన్నా వెబ్‌సైట్లు తెరుచుకోవు. నెట్ రావడం లేదని పిల్లలు ఇంట్లో చెబితే కారణం అది కూడా కావచ్చు, టీచర్లు ఇప్పుడు మొదట తేదీయే చూస్తున్నారు.

మేడ మీది రెండు గదులకు వైఫై సరిపోదు. అక్కడి ప్యానెళ్లకు నేరుగా లాన్ వైరు (నెట్ తెచ్చే వైరు) లాగాలి. మీలో కేబుల్ పనిగానీ వైరింగ్ పనిగానీ తెలిసినవాళ్లు ఉంటే రెండో శనివారం ఉదయం బడికి రండి. క్యాట్ 6 వైరు, క్లిప్పులు బడే కొంటుంది. నిచ్చెన మాత్రం తెచ్చుకోండి, మా దగ్గరున్నది స్లాబు దాకా అందదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు